గొలుసుల బుట్టకు చెట్లున్నాయి.. పార్కు ఎవరిదో తేలాలి

గోదావరిఖని: ఆటస్థలం అనగానే చదునైన నేలే గుర్తుకు వస్తుంది. క్రికెట్‌కు చదును కావాలి, వాలీబాల్‌కు చదును కావాలి, కబడ్డీకి మెత్తని మట్టి పరచిన చదును కావాలి. బొగ్గు బావుల చుట్టూ పుట్టిన రామగుండం, గోదావరిఖని, యైటింక్లయిన్ కాలనీ, సెంటినరీ కాలనీలలో కొరత ఉన్నది సరిగ్గా ఆ నేలకే. చదునుగా ఉన్న చోటల్లా క్వార్టర్లు, రోడ్లు, రైలు పట్టాలు, కోల్ హ్యాండ్లింగ్ ప్లాంట్లు వెలిశాయి. ఎత్తుపల్లాలు, చెట్ల వరుసలు, కాలువ గట్లు, పార్కుల వెనుక మూలలు మిగిలాయి. ఇలా మిగిలిపోయిన నేలకే సరిపోయే ఆట ఒకటి అమెరికా, ఐరోపా దేశాల పార్కుల్లో ఐదు దశాబ్దాలుగా నడుస్తున్నది. దాని పేరు డిస్క్ గోల్ఫ్. కోల్‌బెల్టు పార్కుల్లోకి అది ఇంకా అడుగుపెట్టలేదు. పెట్టాలనుకుంటే ఆట నియమాలకన్నా ముందు ఒక పాత ప్రశ్నకు జవాబు దొరకాలి. ఈ పార్కులు ఎవరివి? కార్మికుడివా, కాలనీవా, కార్పొరేషన్‌వా?

కర్ర లేదు.. బంతి లేదు

గోల్ఫ్ అన్న పేరు వినగానే ధనవంతుల ఆట అనుకోవడం సహజం. ఇందులో కర్ర లేదు, బంతి లేదు, గుంత లేదు, గడ్డి కత్తిరించే యంత్రాల హంగామా కూడా లేదు. జానెడు వెడల్పు ఉన్న గట్టి ప్లాస్టిక్ డిస్క్‌ను నిర్ణీత స్థానం నుంచి విసురుతారు. అది పడిన చోటుకు వెళ్లి, అక్కడి నుంచి మళ్లీ విసురుతారు. చివరకు అది ఇనుప స్తంభానికి నడుము ఎత్తున అమర్చిన బుట్టలో పడాలి. బుట్టపైన గొలుసులు వేలాడుతుంటాయి. డిస్క్ గొలుసులకు తగిలి వేగం కోల్పోయి బుట్టలోకి జారుతుంది. అక్కడికి ఒక హోల్ పూర్తయినట్లు. అలాంటివి 9 గానీ 18 గానీ ఉంటే ఒక కోర్సు అవుతుంది. అన్నింటినీ తక్కువ విసుర్లలో ముగించినవారే విజేత.

అమెరికాలోని వామ్-ఓ కంపెనీ 1957లో అమ్మకానికి తెచ్చిన ఎగిరే పళ్లెమే తరువాత ఫ్రిస్బీగా ప్రపంచమంతా తిరిగింది. అదే కంపెనీలో పనిచేసిన ఎడ్ హెడ్రిక్ 1975లో లాస్ ఏంజిలెస్ కౌంటీలోని ఓక్ గ్రోవ్ పార్కులో తొలి శాశ్వత కోర్సు ఏర్పాటు చేశారు. అప్పట్లో బుట్టలు లేవు. పాతిన స్తంభాలకు డిస్క్ తగిలితే చాలు. తగిలిందా లేదా అన్న తగవులు తీరక గొలుసుల బుట్టను రూపొందించారని చెబుతారు. 1976లో ప్రొఫెషనల్ డిస్క్ గోల్ఫ్ అసోసియేషన్ ఏర్పడింది. నేడు ప్రపంచవ్యాప్తంగా కోర్సుల సంఖ్య 10 వేలు దాటింది. వాటిలో అత్యధికం ప్రజా పార్కుల్లోనే ఉండటం, పలుచోట్ల ఆడేందుకు రుసుమే లేకపోవడం గమనార్హం. 2002లో కన్నుమూసిన హెడ్రిక్ కోరిక మేరకు ఆయన చితాభస్మాన్ని డిస్కుల తయారీలో కలిపారు. ఆటపై మమకారానికి అంతకు మించిన ఉదాహరణ మరొకటి ఉండకపోవచ్చు.

తెలంగాణ పల్లెల్లో పెరిగినవారికి ఈ ఆట మరీ వింతగా తోచదు. గోటీలాటలో గుంత ఉన్నది. చిర్రగోనెలో చిర్ర పడిన చోటు నుంచే లెక్క మొదలవుతుంది. బడి మైదానాల్లో ఆడపిల్లలు ఆడే టెన్నికాయిట్‌లో రబ్బరు రింగును మణికట్టు తిప్పి విసిరే నేర్పు ఉన్నది. డిస్క్ గోల్ఫ్‌కు కావలసింది ఆ మణికట్టే. అమెరికాలో స్థిరపడిన పిల్లల దగ్గరకు వెళ్లి వచ్చే కోల్‌బెల్టు తల్లిదండ్రుల్లో కొందరైనా ఈ గొలుసుల బుట్టలను చూసే ఉంటారు. తెలుగువారు పెద్దసంఖ్యలో ఉండే ఆస్టిన్‌లోని జిల్కర్ పార్కు, షార్లెట్‌లోని హార్నెట్స్ నెస్ట్ పార్కు ఈ ఆటకు పేరుపొందినవే.

మైదానం సగం.. తోపు సగం

కోర్సుల్లో రెండు రకాలు ప్రధానం. ఒకటి పూర్తిగా బయలు. చేతిలో బలం ఉన్నవారు అక్కడ రాణిస్తారు. రెండోది పూర్తిగా చెట్ల మధ్య. బలం కన్నా గురి అక్కడ పనికివస్తుంది. ఈ రెంటినీ ఒకే పార్కులో కలిపినదే మిశ్రమ కోర్సు. కొన్నిచోట్ల బుట్టలతో పాటు స్తంభాలనూ, గుర్తు వేసిన చెట్లనూ గమ్యాలుగా వాడతారు. కోల్‌బెల్టు కాలనీ పార్కుకు సరిపోయేది ఈ మిశ్రమమే. కారణం సులభం. ఇక్కడి పార్కులు స్వభావరీత్యానే అలా ఉన్నాయి. ముందు భాగంలో పచ్చిక, పిల్లల ఉయ్యాలలు, నీళ్లు చిమ్మడం మానేసిన ఫౌంటెన్ ఉంటాయి. వెనుక భాగంలో వేప, కానుగ, నీలగిరి, టేకు ఎవరి పట్టింపూ లేకుండా పెరుగుతుంటాయి.

అటువంటి పార్కులో ఆట ఎలా సాగుతుందో చూద్దాం. మొదటి హోల్ బయట ఉంటుంది. విసిరే చోటు నుంచి బుట్ట వరకు అరవై, డెబ్భై మీటర్లు. అడ్డంకి ఏమీ లేదు, గాలి తప్ప. కుడిచేతివాటం మనిషి సాధారణంగా విసిరే డిస్క్ చివర్లో వేగం తగ్గి ఎడమకు ఒరుగుతుంది. ఎదురుగాలి వీస్తే అదే డిస్క్ పైకి లేచి కుడికి తిరుగుతుంది. వెనుక గాలి ఉంటే ముందే నేలకు దిగుతుంది. గోదావరి వైపు నుంచి వీచే సాయంత్రపు గాలిలో బయలు హోల్ ఎంత సులువుగా కనిపిస్తుందో అంత మోసం చేస్తుంది. ఇక మూడో, నాలుగో హోల్ తోపులోకి వెళ్తుంది. దూరం నలభై మీటర్లే కావచ్చు. రెండు టేకు చెట్ల నడుమ బారెడు సందు ఉంటుంది. అక్కడ బలంగా విసిరినవాడి డిస్క్ మొదటి మానుకే తగిలి వెనక్కి వస్తుంది. మెల్లగా, నేలకు దగ్గరగా, వంపు లెక్కగట్టి విసిరిన అరవై ఏళ్ల విశ్రాంత కార్మికుడు రెండు విసుర్లలో బుట్ట చేరుకోగలడు. పాతికేళ్ల యువకుడికి నాలుగు పట్టవచ్చు. మిశ్రమ కోర్సులో ఉన్న మజా ఇదే. బయట గెలిచినవాడు లోపల ఓడతాడు. తండ్రీ కొడుకులు, భార్యాభర్తలు ఒకే ఆటలో సమ ఉజ్జీలుగా నిలవగలుగుతారు.

బుట్ట సమీపించాక మరో నియమం ఉన్నది. పది మీటర్ల లోపు నుంచి విసిరేటప్పుడు మనిషి నిలదొక్కుకున్నాకే ముందుకు అడుగు వేయాలి. తూలి ముందుకు పడితే తప్పు. హద్దు దాటి పడిన డిస్క్‌కు ఒక విసురు జరిమానా. దీనికి ఆటగాళ్ల భాషలో పేరు ఓబీ, అంటే అవుట్ ఆఫ్ బౌండ్స్. కోల్‌బెల్టులో ఓబీ అంటే ఓవర్‌బర్డెన్, బొగ్గుపై తవ్వి పోసిన మట్టి గుట్ట. పేరు ఒకటే అయినా ఇక్కడివారికి ఆ గుట్టల జరిమానా ఒక్క విసురుతో తీరేది కాదు.

షిఫ్టు మనిషికి జట్టు దొరకదు

సింగరేణిలో మొదటి షిఫ్టు ఉదయం 7 గంటలకు, రెండోది మధ్యాహ్నం 3 గంటలకు, మూడోది రాత్రి 11 గంటలకు మొదలవుతాయి. ఈ వారం ఒక షిఫ్టు, వచ్చే వారం మరొకటి. పన్నెండు మంది కలిస్తేనే సాగే వాలీబాల్ ఇటువంటి జీవితంలో నిలకడగా సాగడం కష్టం. ఒకడు బావిలోకి దిగే వేళకు మరొకడు నిద్రకు ఉపక్రమిస్తాడు. కంపెనీలో క్రీడలకు ఆదరణ లేదనడం సరికాదు. గోదావరిఖనిలో జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం, యైటింక్లయిన్ కాలనీలో అబ్దుల్ కలాం స్టేడియం, సెంటినరీ కాలనీలో రాణి రుద్రమదేవి క్రీడా ప్రాంగణం ఉన్నాయి. వర్క్ పీపుల్స్ స్పోర్ట్స్ అండ్ గేమ్స్ అసోసియేషన్ ఆధ్వర్యంలో ఏరియాల వారీగా, కంపెనీ స్థాయిలో పోటీలు జరుగుతాయి. అయితే పోటీలకు ఎంపికయ్యేవారు కొందరే. మిగతావారికి రోజువారీ ఆట అంటూ ఉన్నది నడక ఒక్కటే.

డిస్క్ గోల్ఫ్‌ను ఒంటరిగా ఆడవచ్చు, ఇద్దరు ముగ్గురు కలిసి ఆడవచ్చు. తొమ్మిది హోళ్లకు గంట చాలు. ఆడినంతసేపూ నడకే. డాక్టర్లు చెప్పే నడక వేరుగా నడవనక్కరలేదు. యూనిఫాం లేదు, రిఫరీ లేడు. లెక్క ఆటగాళ్లే రాసుకుంటారు. కారుణ్య నియామకాలతో గనుల్లోకి వచ్చిన యువ కార్మికుల్లో చదువుకున్నవారు, మహిళలు గణనీయంగా ఉన్నారు. స్టేడియంలోని కబడ్డీ కోర్టులో దిగడానికి సంకోచించే మహిళకు, ఉదయం నడకకు వచ్చే పార్కులోనే చేతిలో ఒక డిస్క్ ఉండటం అంత ఇబ్బంది అనిపించదు.

ఎండ సంగతి మరచిపోరాదు. రాష్ట్రంలో అత్యధిక ఉష్ణోగ్రతలు నమోదయ్యే ప్రాంతాల్లో రామగుండం ఒకటి. మార్చి చివర నుంచి జూన్ వానలు పడేదాకా ఉదయం ఎనిమిది దాటాక బయట ఏ ఆటా సాగదు. పూర్తి బయలు కోర్సు ఇక్కడ ఆ కాలమంతా మూతపడినట్లే. తోపు హోళ్లకే ఆ కాలంలో విలువ.

నడిచేవారి నెత్తిమీదుగా కాదు

ఈ ఆటకు ఉన్న పెద్ద లోపాన్ని దాచి లాభం లేదు. గట్టి అంచు ఉన్న డిస్క్ బరువు 170 గ్రాముల దాకా ఉంటుంది. చేయి తిరిగినవారు విసిరితే గంటకు 100 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. అది ముఖానికి తగిలితే గాయం తప్పదు. కాలనీ పార్కుల్లో తెల్లవారుజామునే పెద్దలు నడుస్తారు. సాయంత్రం పసిపిల్లలు పరుగెడతారు. నడకబాటను అడ్డంగా దాటే హోల్ ఒక్కటి పెట్టినా వారం తిరగకముందే గొడవ మొదలవుతుంది, నెల తిరిగేసరికి బుట్టలు పీకేస్తారు. ఆట నియమాల్లోనే దీనికి కట్టడి ఉన్నది. ఎదుట మనిషి ఉన్నంతసేపు విసరరాదు. నియమం కాగితంపై ఉంటే సరిపోదు. నడకబాట పార్కు చుట్టూ ఉంటే, విసుర్లన్నీ లోపలి వైపే సాగాలి. ఉయ్యాలల దిశలో ఏ హోలూ ఉండరాదు. ఫ్రిస్బీ మాదిరి తేలికైన డిస్కులతోనే పిల్లలకు నేర్పాలి.

చిన్న కోర్సుకు హోల్ ఒక్కింటికి ఎకరం అటూ ఇటూగా లెక్క వేస్తారు. అంటే తొమ్మిది హోళ్లకు తొమ్మిది ఎకరాలు. కాలనీ పార్కులు ఎన్నింటిలో అంత జాగా ఉన్నది? ఎకరం, రెండెకరాల పార్కులో ఇరికిస్తే ఆటా దక్కదు, పార్కూ దక్కదు. అటువంటి చోట మూడు బుట్టలు పెట్టి ఊరుకోవడం మేలు. అసలు కోర్సుకు వేరే నేల చూడాలి.

కుంగే నేల.. కదిలే బుట్ట

ఆ నేల కోల్‌బెల్టులో లేకపోలేదు. బొగ్గు తీసిన భూగర్భ గనిలో స్తంభాలు కూడా తొలగించి పైకప్పును కూలనిస్తే ఉపరితలం కుంగుతుంది, పగుళ్లు వారుతుంది. ఊళ్ల కింద గోదావరి ఇసుకను నీటితో పంపి ఖాళీలు నింపిన చరిత్ర ఈ గనులకు ఉన్నది. అలా నింపని చోట్ల పైన పక్కా కట్టడాలకు వీలుండదు. స్టేడియం గ్యాలరీ గానీ, సిమెంటు కోర్టు గానీ కడితే పగుళ్లిస్తుంది. డిస్క్ గోల్ఫ్ బుట్టకు పునాది అంటే నేలలో పాతిన ఒక గొట్టం. నేల కదిలితే బుట్టను లాగి మరోచోట గుచ్చవచ్చు. ఎత్తుపల్లం ఇక్కడ లోపం కిందకు రాదు. హోల్ రుచి పెరుగుతుంది. భూమిపై శాశ్వత కట్టడం లేకుండా సాగే ఆట గని భూమికి సరిపోయినంతగా మరెక్కడా సరిపోదేమో.

అలాగని పాత గని మీది నేలనంతా రేపే తెరవమనడం ప్రమాదకరం. పగుళ్ల నుంచి వాయువులు, వానాకాలంలో హఠాత్తుగా పడే గుంతలు, ఓబీ గుట్టల వాలు జారడం ఇక్కడివారికి తెలియనివి కావు. భూగర్భం ఎంత కఠినమైనదో 2003 జూన్ 16న 7ఎల్ఈపీ గనిలో నీరు ముంచెత్తి 17 మంది కార్మికులు మరణించినప్పుడు గోదావరిఖని చూసింది. గనుల భద్రతా డైరెక్టరేట్ జనాన్ని అనుమతించదగ్గదని తేల్చిన నేలలోనే మొదటి అడుగు పడాలి. గని మూసివేత ప్రణాళికలు 2009 నుంచి తప్పనిసరయ్యాయి. ఆ ప్రణాళికల్లో మొక్కల పెంపకానికి చోటు ఉంటుంది. ఆ మొక్కల మధ్య మనుషులు ఏం చేయాలన్నదానిపై మాత్రం చర్చ తక్కువ. మేడిపల్లి ఓపెన్‌కాస్ట్ గొయ్యిలో పంప్డ్ స్టోరేజీ విద్యుత్ కేంద్రం ప్రతిపాదన ముందుకు వచ్చింది. గొయ్యికి పథకం ఉన్నది. గొయ్యి ఒడ్డున నివసించే కాలనీ పిల్లవాడికి ఏమున్నదన్నది ఇంకా ఎవరి ఫైలులోకీ ఎక్కలేదు.

గేటు దగ్గర ఆగే ప్రశ్న

ఇక అసలు చిక్కు. కోల్‌బెల్టులో పార్కు అంటే ఒకే రకం లేదు. సింగరేణి కాలనీల పార్కులను కంపెనీ చూస్తుంది. బయటి వార్డుల పార్కులు రామగుండం నగరపాలక సంస్థవి. ఎన్టీపీసీ టౌన్‌షిప్‌ది వేరే లోకం. 1999లో మూతపడి, 2021లో ఆర్‌ఎఫ్‌సీఎల్‌గా మళ్లీ ఉత్పత్తి ప్రారంభించిన ఎరువుల కర్మాగారానిదీ సొంత ఆవరణే. ఒకే ఊరిలో నాలుగు యాజమాన్యాలు. కార్మికుడి కొడుకు ఆడే పార్కులోకి కాంట్రాక్టు కార్మికుడి కొడుకు రావచ్చా అన్నది ఏ బోర్డు మీదా రాసి ఉండదు. గేటు దగ్గర ఉన్న మనిషి చూపులో ఉంటుంది.

1990ల ఆరంభంలో సింగరేణి ఉద్యోగుల సంఖ్య లక్ష దాటి ఉండేది. నేడు అది 40 వేల స్థాయికి తగ్గింది. కాంట్రాక్టు కార్మికుల పాత్ర పెరిగింది. క్వార్టర్లలో ఉండేవారికన్నా బస్తీల్లో ఉండేవారే ఎక్కువవుతున్న ఊరిలో, క్వార్టర్ల లెక్కన కట్టిన పార్కులు ఎవరికి దక్కాలి? కంపెనీ ప్రభుత్వానికి అప్పగించిన భూముల్లోని ఇళ్ల క్రమబద్ధీకరణకు 2019లో జీవో 76 వచ్చింది. ఇంటికి పట్టా దొరికింది. ఆ బస్తీ ఆటస్థలానికి పట్టా అడిగినవారు తక్కువ. 2020లో మొదలైన పట్టణ ప్రగతిలో ప్రకృతి వనాలు, 2022లో తెలంగాణ క్రీడా ప్రాంగణాలు వచ్చాయి. వనంలో చెట్లు, ప్రాంగణంలో కోర్టులు. రెండింటినీ ఒకటిగా చూసే ఆలోచన లేనందున వనం నడవడానికే, ప్రాంగణం బోర్డుకే పరిమితమైన చోట్లు చాలా ఉన్నాయి. వనంలోనే ఆట సాగే మిశ్రమ కోర్సు ఈ రెండు పథకాల మధ్య గోడను తీసివేస్తుంది.

డబ్బు లేదనే మాట ఇక్కడ నిలవదు. కంపెనీల చట్టం 2013 ప్రకారం లాభాల్లో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. గని ప్రభావిత ప్రాంతాల కోసం 2015 చట్ట సవరణతో జిల్లా ఖనిజ ఫౌండేషన్ ట్రస్టులు ఏర్పడ్డాయి. రామగుండం అమృత్ పట్టణాల జాబితాలోనూ ఉన్నది. తొమ్మిది బుట్టలకు అయ్యేది వీటి ముందు చిల్లర ఖర్చు. బుట్టలు విదేశాల నుంచి తెప్పించుకోవలసిన పని కూడా లేదు. ఇనుప గొట్టం, కడ్డీ, గొలుసు చాలు. వర్క్‌షాపులకు, వెల్డర్లకు కొదువలేని ఊరు ఇది.

కొదువలేనివారు మరికొందరు కూడా ఉన్నారు. తుక్కు ఇనుము కనిపిస్తే రాత్రికి రాత్రే మాయం చేసేవారు. కేబుళ్లు, పట్టాల ముక్కలే మిగలని చోట పార్కులో వేలాడే గొలుసులు ఎన్ని రోజులుంటాయన్నది నవ్వులాటగా తీసేయదగ్గ సందేహం కాదు. అందుకే మొదట స్తంభాలతో ప్రారంభించడమే వివేకం. ఓక్ గ్రోవ్‌లోనూ అలాగే మొదలైంది. పాత లైటు స్తంభానికి రంగు పట్టీ, టేకు మానుకు సున్నపు గీత, విసిరే చోట నాలుగు ఇటుకలు. ఒక వానాకాలం, ఒక చలికాలం అలా ఆడితే ఏ హోల్ నడకబాటకు అడ్డమో, ఏ మూల నీరు నిలుస్తుందో, ఎవరు వస్తున్నారో, గేటు దగ్గర ఎవరిని ఆపుతున్నారో తెలిసిపోతుంది. గొలుసులకు టెండరు పిలిచేది ఆ తరువాత. కంపెనీ ఏరియా అధికారులు, నగరపాలక సంస్థ కలిసి కూర్చుని ఒక్క పార్కును ఉభయుల ఉమ్మడి నిర్వహణకు ఎంచుకోవడం అంతకన్నా ముందు జరగాల్సిన పని. అటువంటి ఒప్పందం కుదిరితే తొలి గీత గీయడానికి ఒక డబ్బా సున్నం సరిపోతుంది.